చవక ఎయిర్ రైఫిల్‌ను దారికి తెచ్చుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న లేత్ షాపు. బుష్‌లు, షాఫ్టులు, హైడ్రాలిక్ జాకీల పని మధ్యలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు దుప్పట్లో చుట్టి ఎయిర్ రైఫిల్ తెస్తారు. ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, పవర్ పెంచి ఇస్తావా?" ఇవ్వను. అయితే ఆ రైఫిల్ తిన్నగా పేలాలంటే ఏం చేయాలో మాత్రం ఓపిగ్గా చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పది వేల రూపాయల లోపు దొరికేవి దాదాపు అన్నీ బారెల్‌ను ఇరుసు దగ్గర కిందికి వంచి (దీన్నే విరవడం అంటాం) కాక్ చేసే, అంటే పేల్చడానికి సిద్ధం చేసే, స్ప్రింగ్ రైఫిళ్లే. వీటిలో గాలి నిల్వ ఉండదు. బారెల్‌ను కిందికి విరిచినప్పుడు పెద్ద స్ప్రింగ్ నొక్కుకుని పిస్టన్ వెనక్కి పోయి ట్రిగ్గర్ కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూసుకొచ్చి సిలిండర్‌లోని గాలిని క్షణంలో నొక్కుతుంది, ఆ గాలి చిన్న రంధ్రం గుండా వచ్చి గుండును తోస్తుంది. పిస్టన్ ముందుకు బయలుదేరినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగినప్పుడు ముందుకు కుదుపుతుంది. ఈ గొడవ మొదలయ్యేసరికి గుండు ఇంకా బారెల్‌లోనే ఉంటుంది. చవక రైఫిల్‌తో గురి తప్పడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

ఇక గట్టి స్ప్రింగ్ వేస్తే ఏమవుతుంది? సిలిండర్ పరిమాణం మారదు కాబట్టి లోపల గాలీ పెరగదు. గుండు వేగం కొద్దిగా పెరిగితే పెరుగుతుంది, కుదుపు మాత్రం బాగా పెరుగుతుంది. పిస్టన్ వాషరు నలుగుతుంది, మరలు వదులవుతాయి, కాక్ చేయడానికి భుజం నొప్పి పుడుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు (బారెల్ లోపలి రంధ్రం వెడల్పు) దాటకుండా, గుండు శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. లెక్క తేలికే. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే 10 జౌళ్లు. అదే గుండు 283 మీటర్లు అందుకుంటే 20 జౌళ్లు. అది దాటించారంటే మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. 0.22 బోరు రైఫిల్ ఎవరైనా "ఏం కాదులే" అని అమ్మజూపితే నమ్మకండి. కొన్నప్పుడు దుకాణదారు గుర్తింపు పత్రం అడిగితే ఇవ్వండి. బిల్లు జాగ్రత్త చేసి, రైఫిల్‌ను బయటికి తీసుకెళ్లినప్పుడల్లా సంచిలోనే దాని నకలు ఉంచండి. ఊరి మధ్య నుంచి భుజాన వేసుకుని నడవకండి, కవరులో పెట్టి తీసుకెళ్లండి.

ఇంకో మాట. మన ఊళ్లలో దీన్ని పిట్టల తుపాకీ అంటారు. పేరు అలా ఉందని పిట్టల మీద పేల్చడం ఈ రోజుల్లో నేరం. గోరింకలు, చిలుకలు, కొంగలు అన్నీ 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. కుక్కను కొట్టినా 1960 జంతుహింస నిరోధక చట్టం ఉంది. కోతులను బెదిరించడానికి కావాలంటూ వచ్చేవాళ్లను నేను గుమ్మం దగ్గరే పంపించేస్తాను. ఆ చిన్న సీసం గుండు కోతిని చంపకపోయినా, ఒంట్లో దిగి చీము పట్టిస్తుంది. కాగితం మీద పేల్చండి, చాలు.

దానికి చోటు కావాలి. పోటీల్లో ఎయిర్ రైఫిల్ దూరం 10 మీటర్లు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ దూరంలోనే. ఆ లక్ష్యం మధ్యలో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. మన చవక రైఫిల్‌తో దాని జోలికి పోనక్కర్లేదు గానీ, దూరం మాత్రం అదే పెట్టుకోండి. డాబా మీద పేలిస్తే పిట్టగోడ కన్నా తక్కువ ఎత్తులో లక్ష్యం ఉండాలి, దాని వెనుక గుండు దాటలేని గోడ ఉండాలి, మధ్యలోకి ఎవరూ రాని దారి అయి ఉండాలి. గుండ్లు పట్టడానికి ఒక చెక్కపెట్టె చేయించండి. లోపల పైభాగం ముందుకు వాలేలా 3 మిల్లీమీటర్ల ఇనుపరేకు బిగించి, దాని ముందు పాత వార్తాపత్రికలు జానెడు మందాన గట్టిగా కట్టి పెట్టండి. రేకు నిలువుగా ఉంటే గుండు తిరిగి మీ మీదికే వస్తుంది, వాలుగా ఉంటే కిందికి పడుతుంది. గ్రైండింగ్ పనివాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు మీకూ, పక్కన నిలబడ్డవారికీ తప్పనిసరి. గాజుసీసాలు, రాళ్లు లక్ష్యంగా పెట్టొద్దు, గుండ్ల బదులు గుండ్రటి ఉక్కు గోళీలు అసలొద్దు. ఉక్కు గోళీ బారెల్ లోపలి గాట్లను పాడుచేస్తుంది, తగిలిన చోటి నుంచి కన్నులోకి వస్తుంది.

ఇప్పుడు రైఫిల్ దగ్గరికి వద్దాం. మొదట మరలు చూడండి. కర్ర ముందు భాగంలో అటొకటి ఇటొకటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. కొత్త రైఫిల్‌లో ఇవి నాలుగైదు రోజుల్లోనే వదులవుతాయి. "గురి అప్పుడప్పుడు బాగుంటుంది, అప్పుడప్పుడు పోతుంది" అని వచ్చిన రైఫిళ్లలో చాలావాటికి నేను చేసిన పని ఒక స్క్రూడ్రైవర్ తిప్పడమే. మర తీసి, జిడ్డు తుడిచి, స్ప్రింగ్ వాషరు వేసి, మర వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాక్, ఒక్క చుక్క పెట్టి బిగించండి. థ్రెడ్‌లాక్ లేకపోతే గోళ్ల రంగు పనిచేస్తుంది. ఎర్ర రంగు థ్రెడ్‌లాక్ మాత్రం వాడకండి, తర్వాత ఊడదు. బారెల్ విరిగేచోట ఉన్న ఇరుసు బోల్టు కూడా చూడండి. బారెల్‌ను సగం విరిచి పట్టుకుని పక్కలకు ఊపితే ఆట ఉండకూడదు.

తర్వాత బారెల్ మూలన ఉండే సీలు. చవక రైఫిల్ మీద నేను ఎక్కువసేపు కూర్చునేది దీని దగ్గరే. బారెల్ మూసినప్పుడు దాని వెనుక కొన సిలిండర్‌కు గట్టిగా ఆనాలి. అక్కడ ఒక రబ్బరు రింగో తోలు వాషరో ఉంటుంది. పరీక్ష తేలిక: సన్నటి టిష్యూ కాగితం ముక్కను ఆ అతుకు పైన పరచి, గుండు వేసి పేల్చండి. కాగితం ఎగిరితే గాలి కారుతోంది. గుండు మీద పడాల్సిన ఒత్తిడి పక్కకు పోతోంది, అది కూడా ప్రతిసారి ఒకే కొలతలో పోదు. అందుకే ఒక గుండు పైన, ఒకటి కింద పడుతుంది. పాత రింగును సూదితో జాగ్రత్తగా తీసి, హైడ్రాలిక్ సామాన్ల దుకాణానికి తీసుకెళ్లి, అదే కొలత ఓ-రింగ్ అడగండి. వాళ్ల దగ్గర పాలీయురేథేన్‌వి ఉంటే మరీ మంచిది, నల్ల రబ్బరు కన్నా ఎక్కువ కాలం మన్నుతాయి. కొత్త రింగు వేశాక కూడా కారుతుంటే గాడి లోతుగా ఉందన్నమాట. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను రింగు సైజుకు కత్తిరించి అడుగున పెట్టండి. రింగు అంచు బారెల్ కొన కన్నా వెంట్రుకవాసి పైకి వస్తే చాలు. ఎక్కువ వస్తే బారెల్ పూర్తిగా మూసుకోదు, అది ఇంకో రోగం. ఖర్చు పాతిక రూపాయలు దాటదు.

బారెల్ మూతి కూడా అంతే ముఖ్యం. గుండు చివరగా తాకేది ఆ అంచునే. అక్కడ ఒక పక్క బర్రు, అంటే పొడుచుకొచ్చిన లోహపు గరుకు, ఉంటే గాలి గుండును అన్ని పక్కలా సమానంగా తోయదు. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను మూతి లోపల పెట్టి బయటికి లాగుతూ చుట్టూ తిప్పండి. దూది పోగులు ఒకచోట చిక్కుకుంటే అక్కడ బర్రు ఉంది. గుండ్రటి తల ఉన్న ఇత్తడి మర ఒకటి తీసుకుని, దాని తలకు ఇంజను వాల్వులు రుద్దే పేస్టు పూసి, మూతి మీద ఆనించి చేత్తోనే అటూ ఇటూ తిప్పుతూ, కోణం మారుస్తూ రుద్దండి. డ్రిల్ పెట్టినా నెమ్మదిగానే తిప్పాలి. బారెల్ లోపలికి పేస్టు పోకుండా ముందుగా కొంచెం లోతున దూది ఉండ పెట్టండి. అంచు చుట్టూ ఒకే వెడల్పున మెరిసే గీత కనిపిస్తే పని అయిపోయింది. తర్వాత చేపల గాలపు దారానికి గుడ్డ పేలిక కట్టి వెనుక నుంచి మూతి వైపు లాగి శుభ్రం చేయండి. ఇనుప ఊచ లోపల దూర్చకండి.

నూనె దగ్గర మనవాళ్లకు చేయి ఆగదు. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె, ఇంజను ఆయిలు, చేతికి ఏది తగిలితే అది గాలి రంధ్రంలో పోస్తారు. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు అక్కడ వేడి విపరీతంగా పుడుతుంది, ఆ వేడికి నూనె అంటుకుంటుంది. పెద్ద శబ్దం, పొగ, మాడు వాసన వస్తాయి. ఆ శబ్దం విని పవర్ పెరిగిందని సంబరపడతారు. లోపల వాషరు కాలిపోతూ ఉంటుంది. కొత్త రైఫిల్ మొదటి డబ్బా గుండ్లు అయ్యేదాకా కొంచెం పొగ రావడం మామూలే, ఫ్యాక్టరీ గ్రీజు అది. తర్వాత కూడా వస్తుంటే నూనె ఎక్కువైందని అర్థం. వాషరు ఎండినప్పుడు, అంటే కాక్ చేస్తుంటే కీచుమన్నప్పుడు, రెండు చుక్కల సిలికాన్ ఆయిలు చాలు. స్ప్రింగుకు, ఇనుము ఇనుముతో రాసుకునే చోట్లకు సిలికాన్ పనికిరాదు, అక్కడ మాలిబ్డినం గ్రీజు పలచగా పూయాలి.

ఆ గ్రీజు పూయాలంటే విప్పాలి కదా అంటారు. నిజమే. పేల్చినప్పుడు స్ప్రింగ్ టింగుమని మోగడం తగ్గాలన్నా విప్పాల్సిందే. కానీ కాక్ చేయకపోయినా లోపలి స్ప్రింగ్ కొంత నొక్కుకునే ఉంటుంది. వెనుక పిన్ను కొట్టగానే సిలిండర్ వెనుక మూసి ఉన్న బిరడా తూటాలా వచ్చి దవడ పగలగొడుతుంది. స్ప్రింగును నొక్కి పట్టే బిగింపు చట్రం లేకుండా ఇంట్లో విప్పకండి, లేత్ ఉన్న వాడి దగ్గరికి తీసుకెళ్లండి. అతను స్ప్రింగ్ కొనలు సానబట్టి, స్ప్రింగ్ లోపల దాన్ని నిలబెట్టే గైడు వదులుగా ఉంటే బిగువుగా ఉండేది నైలాన్‌తో చేసి ఇస్తాడు. గురికి ఇది చేసే మేలు గట్టి స్ప్రింగ్ ఎన్నడూ చేయదు.

ట్రిగ్గర్ గట్టిగా ఉందని లోపలి కొక్కేన్ని ఆకురాయితో అరగదీసేవాళ్లున్నారు. దాన్ని ముట్టుకోవద్దు. అంచు కొంచెం గుండ్రబడినా బారెల్ మూస్తుండగానే పేలుతుంది. బయట సర్దుబాటు మర ఉంటే దానితోనే సరిపెట్టుకోండి. గుండు పెట్టేటప్పుడు ఎడమ చేయి బారెల్‌ను వదలకూడదు, కుడి వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. విరిచి ఉన్న బారెల్ ఒక్కసారిగా మూసుకుంటే వేళ్లు నలిగిపోతాయి, బారెల్ వంగుతుంది. గుండు లేకుండా ఉత్తినే పేల్చకండి. పిస్టన్‌కు మెత్తటి గాలి దిండు దొరక్క నేరుగా ఇనుముకు గుద్దుకుంటుంది.

కర్ర పని ఎవరికి తోచినట్టు వారు చేసుకోవచ్చు. వార్నిషు గీకి అవిసె నూనె పట్టిస్తే అందంగా ఉంటుంది. పిల్లలకూ పెద్దలకూ ఒకే పొడవు సరిపోదు కాబట్టి, వెనుక రబ్బరు పలకలు చేర్చి భుజానికి సరిపెట్టుకోండి.

గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే టెలిస్కోపు కొనే తొందర వద్దు. మామూలు టెలిస్కోపులు వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా చేస్తారు, ముందుకు కుదిపే స్ప్రింగ్ రైఫిల్ మీద అవి చెడిపోతాయి. ఎయిర్ రైఫిల్ కోసం చేసినదే కావాలి, అది ఒక్కోసారి రైఫిల్ కన్నా ఖరీదు. దాని బదులు బారెల్ ముందు కొనన గురి చూసే సైటును కర్పూరం మసితో నల్లబరచండి, మెరుపు పోయి అంచు స్పష్టంగా కనిపిస్తుంది. గురి సర్దేటప్పుడు గుండు ఎటు పోవాలో వెనుక సైటును అటే జరపండి. ఒక్క గుండు చూసి జరపకండి, ఐదు పేల్చి వాటి నడిమి చోటు చూడండి.

ఆ ఐదూ ఒకచోట పడాలంటే పట్టు మారాలి. బిగించి పట్టుకోవడం పెద్ద తుపాకీ అలవాటు. స్ప్రింగ్ రైఫిల్‌ను ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు, తెరిచిన ఎడమ అరచేతి మీద ఊరికే ఆననివ్వండి. వేళ్లు చుట్టకండి, భుజానికి తేలిగ్గా తాకనివ్వండి. ప్రతిసారి ఒకే చోట ఆనించండి. అప్పుడు కుదుపు ప్రతిసారి ఒకేలా ఉంటుంది, గుండు కూడా ఒకే దారిన పోతుంది. గోడ మీదో బల్ల మీదో నేరుగా ఆనిస్తే రైఫిల్ ఎగిరిపడి గుండు ఎక్కడికో పోతుంది.

గుండ్ల విషయంలో రెండు మూడు రకాలు కొని పోల్చండి. చవక డబ్బాల్లో అంచు నొక్కుకుపోయినవి ఉంటాయి, వాటిని ఏరి పక్కన పెట్టండి. బారెల్‌లోకి వేలితో నొక్కినప్పుడు కొంచెం బిగువుగా దిగాలి. జారి పోయేవి వద్దు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. రింగు మార్చి, గుండ్లు మార్చి, సైటు జరిపి ఒకేసారి పేలిస్తే దేనివల్ల బాగుపడిందో మీకే తెలియదు. ప్రతి లక్ష్యకాగితం వెనుక తేదీ, గుండు రకం, చేసిన మార్పు రాసి ఉంచండి.

పేల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, అది సీసం. పెట్టెలో పడ్డ గుండ్లను పిల్లలకు అందనివ్వకండి, ఇంట్లో కరిగించకండి, పాత బ్యాటరీలు కొనేవారికి ఇవ్వండి. రైఫిల్‌ను కాక్ చేసి ఎప్పుడూ ఉంచకండి. పైన పలచగా నూనె గుడ్డ తుడిచి, తాళం ఉన్న బీరువాలో పెట్టండి, గుండ్లు వేరే చోట. వానాకాలంలో మాత్రం నెలకోసారి తీసి తుడవాలి. మన కృష్ణా తీరపు తేమకు బారెల్ ఇట్టే తుప్పు పడుతుంది.