జపనీస్ సాంకేతిక పటాల పదాలకు ఇంగ్లీషు పేర్లు పెట్టే పద్ధతి

ఒక కర్మాగారపు నాణ్యతా నివేదికలో కన్రిజు అనే మాట తగిలిందనుకుందాం. నిఘంటువు తెరిస్తే కన్రి అంటే మేనేజ్‌మెంట్ అనీ, జు అంటే పటమనీ ఉంటుంది. ఆ రెంటినీ కలిపి మేనేజ్‌మెంట్ డయాగ్రమ్ అని రాస్తే చదివే ఇంజనీరుకు అది ఏ పటమో బోధపడదు. నిజానికి అది గణాంకవేత్త వాల్టర్ షూహార్ట్ 1924లో అమెరికాలో రూపొందించిన కంట్రోల్ చార్టు, అంటే ఉత్పత్తి ప్రక్రియ అదుపులో ఉందో లేదో చూపే పటం. జపాన్ ఇంజనీర్లు ఆ ఇంగ్లీషు పేరునే తమ భాషలోకి మార్చుకుని కన్రిజు అన్నారు. అందువల్ల ఇక్కడ మనం చేయవలసిందల్లా ఆ పటాన్ని దాని పుట్టింటి పేరుతో పిలవడమే.

దీనికి ఎదురు నడిచిన మాటలూ ఉన్నాయి. తొకుసెయి-యోయిన్-జు అనే పటం జపాన్‌లోనే, నాణ్యతా నిపుణుడు ఇషికావా కఓరు చేతిలో పుట్టింది. తొకుసెయి అంటే లక్షణం, అంటే మనం పరిశీలిస్తున్న ఫలితం. యోయిన్ అంటే దానికి దారితీసే అంశం. ఇంగ్లీషు ఈ మాటను అనువదించుకోకుండా కాజ్ అండ్ ఎఫెక్ట్ డయాగ్రమ్ అనీ, చేప ముల్లులా కనిపించడం వల్ల ఫిష్‌బోన్ డయాగ్రమ్ అనీ, రూపకర్త పేరున ఇషికావా డయాగ్రమ్ అనీ సొంత పేర్లు పెట్టుకుంది. లాంఛనమైన నివేదికలో మొదటిది, కార్మికులకిచ్చే శిక్షణ పత్రంలో రెండవది వాడటం ఉచితమని నా అభిప్రాయం. ఏదైనా పటం పేరు కనబడగానే, అది ఇంగ్లీషు నుంచి వచ్చిందా, జపాన్ నుంచి బయటికి వెళ్ళిందా అని ముందుగా విచారిస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

మిగిలిన సగం తప్పులకు మూలం జు, సెన్జు అనే రెండు చిన్న మాటలు. సెన్జు అంటే గీతల పటం. అయితే దానికి ఇంగ్లీషులో ఒకే పేరు లేదు. ఓర్యొకు-హిజుమి సెన్జు పదార్థాల బలాన్ని చెప్పే స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్ అవుతుంది. నియంత్రణ శాస్త్రంలోని బోడో సెన్జు బోడ్ ప్లాట్ అవుతుంది. ఎయిర్ కండిషనింగ్ వారి షిమెరి కూకి సెన్జు సైక్రోమెట్రిక్ చార్ట్ అవుతుంది. బురొక్కు సెన్జు మాత్రం బ్లాక్ డయాగ్రమ్ అవుతుంది. కర్వ్, ప్లాట్, చార్ట్, డయాగ్రమ్ అనే నాలుగు మాటలకూ మూలంలో ఒకే సెన్జు ఉన్నదంటే, ఆ మాటకు ఒక స్థిరమైన సమానార్థకం రాసిపెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదని తెలుస్తుంది. పదకోశంలో సెన్జు అని విడిగా రాసుకోకుండా, పూర్తి పేర్లనే రాసుకోవాలి.

ఒకే పూర్తి పేరు కూడా శాఖను బట్టి మారుతుంది. జోతైజు లోహశాస్త్రంలో ఫేజ్ డయాగ్రమ్, సాఫ్ట్‌వేర్‌లో స్టేట్ డయాగ్రమ్. తెంకైజు రేకు పనిలో మడతలు విప్పి పరిచిన డెవలప్‌మెంట్. అదే మాట భవన నిర్మాణంలో గది లోపలి గోడలను చూపే ఇంటీరియర్ ఎలివేషన్. కెయితోజు విద్యుత్ రంగంలో సిస్టమ్ డయాగ్రమ్ అయితే, నాణ్యతా విశ్లేషణ పద్ధతుల్లో ట్రీ డయాగ్రమ్ అవుతుంది. కనుక మాటను చదవడానికి ముందు పటాన్ని చూడాలి. అక్షాలు ఉన్నాయా, వాటి మీద ఏ రాశులున్నాయి, గడులు బాణాలతో కలిశాయా, కొమ్మలుగా చీలాయా అని గమనించిన తరువాతే పేరు నిర్ణయించాలి. పటం లేకుండా పదాల జాబితా మాత్రమే పంపిన వారిని పటం అడగడానికి అనువాదకులు ఎన్నడూ మొహమాటపడకూడదు.

యంత్రాల డ్రాయింగుల విషయంలో మన ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక అవసరం. ఒక వస్తువు చూపులను కాగితం మీద అమర్చే పద్ధతుల్లో మన కళాశాలల్లో ఎక్కువగా నేర్పేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్. జపాన్ డ్రాయింగులు థర్డ్ యాంగిల్ పద్ధతిలో ఉంటాయి. మనం ముందు వైపు చూపు కింద గీసే పై చూపును వారు దానికి పైన గీస్తారు. కుడి చూపు కుడివైపునే ఉంటుంది. చూపు పక్కన మిగి సొకుమెన్జు అని రాసి ఉంటే, మనకు అలవాటైన అమరికను బట్టి సరిదిద్దబోకుండా రైట్ సైడ్ వ్యూ అనే రాయాలి. షోమెన్జు ఫ్రంట్ వ్యూ. హేమెన్జు యంత్రభాగానికి టాప్ వ్యూ, ఇంటికి ఫ్లోర్ ప్లాన్. దన్మెన్జు సెక్షన్.

గీతల పేర్లలో జిస్సెన్ సాలిడ్ లైన్, హసెన్ డ్యాష్‌డ్ లైన్ అని తేలికగానే తేలుతాయి. ఇత్తెన్ ససెన్ అంటే గీతకూ గీతకూ మధ్య ఒక చుక్క ఉన్న చెయిన్ లైన్. అది అక్షాన్ని చూపుతుంటే సెంటర్ లైన్ అనడం మేలు. రెండు చుక్కలున్న నితెన్ ససెన్‌ను జపాన్ వారు తరచుగా సోజోసెన్ అంటారు. దాని అక్షరార్థం ఊహారేఖ. అమెరికన్ డ్రాయింగుల్లో దాన్ని ఫాంటమ్ లైన్ అంటారు కాబట్టి, ఇమాజినరీ లైన్ అని రాస్తే చదివేవారు తడబడతారు.

గ్రాఫుల దగ్గర పదాల కన్నా అంకెలే ప్రమాదకరం. ఒరెసెన్ గురఫు లైన్ గ్రాఫ్ అనీ, హన్రే లెజెండ్ అనీ ఒకసారి నేర్చుకుంటే మళ్ళీ మరచిపోరు. అక్షం పక్కన ఉండే ప్రమాణం అలా కాదు. మన్ అంటే పదివేలు, ఒకు అంటే పదికోట్లు. లక్షలూ కోట్లూ లెక్కపెట్టే మనం ఒకును కోటి అనుకుంటే మొత్తం పదోవంతుకు పడిపోతుంది. అక్షం మీద 12 అని, ప్రమాణం ఒకు యెన్ అని ఉంటే ఆ మొత్తం 1.2 బిలియన్ యెన్. బొమ్మలోని అంకెలను మార్చే వీలు లేనప్పుడు ప్రమాణాన్ని 100 మిలియన్ యెన్ అని రాసి అంకెలను అలాగే ఉంచడం క్షేమం.

జపాన్‌లో సంవత్సరాలను చక్రవర్తుల పాలనా యుగాల పేర్లతోనూ లెక్కిస్తారు. వాటిని మన లెక్కలోకి మార్చాలంటే షోవా అంకెకు 1925, హెయిసేయికి 1988, రేవాకు 2018 కలపాలి. హెయిసేయి 30 అంటే 2018. నెన్దో అంటే మన దేశంలో లాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకు సాగే ఆర్థిక సంవత్సరం. కాని 2024 నెన్దో 2024 ఏప్రిల్‌లో మొదలవుతుంది. మన వాణిజ్య పత్రికలు ఆర్థిక సంవత్సరాన్ని అది ముగిసే ఏడాదితో పిలుస్తుంటాయి కాబట్టి, భారతీయ పాఠకుల కోసం రాసేటప్పుడు ఏప్రిల్ 2024 – మార్చి 2025 అని విడమరచి రాయడం మంచిది.

పోలిక పట్టికల్లో మాటలకు బదులు గుర్తులుంటాయి. జంట వలయం ఎక్సలెంట్, ఒంటి వలయం గుడ్, త్రిభుజం ఫెయిర్, ఇంటూ గుర్తు పూర్ అని సాధారణంగా అర్థం చేసుకోవాలి. ఇంగ్లీషు పాఠకులకు ఈ వరుస తెలియదు కనుక మూలంలో వివరణ లేకపోయినా పట్టిక కింద ఒక లెజెండ్ చేర్చాలి. ఎన్‌జీ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపించినా వాటిని అలాగే వదిలేయకూడదు. నో గుడ్ అనే అర్థంలో జపాన్‌లో స్థిరపడిన వాడుక అది. తనిఖీ పత్రంలో దాని స్థానంలో ఫెయిల్ అని రాయాలి.

పటం కింది శీర్షికలో మన భాష మనకు సాయపడుతుంది, ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా. కోఫుకు ఓర్యొకు నో ఒన్దో ఇజోన్‌సెయి (మాటకు మాటగా, యీల్డ్ స్ట్రెస్ యొక్క ఉష్ణోగ్రత ఆధారత) అనే శీర్షిక తెలుగు వరుసలోనే నడుస్తుంది గనుక చదవగానే అర్థమవుతుంది. ఆ వరుసలోనే ఇంగ్లీషులో పెడితే మాత్రం నామవాచకాలు గుట్టగా పడతాయి. టెంపరేచర్ డిపెండెన్స్ ఆఫ్ యీల్డ్ స్ట్రెస్ అని తిరగరాయాలి. ఏకవచనమో బహువచనమో జపనీస్ చెప్పదు కాబట్టి పటంలో ఎన్ని వాల్వులు గీశారో లెక్కపెట్టి మరీ రాయాలి.

సందేహం తీరనప్పుడు జపాన్ పారిశ్రామిక ప్రమాణాలను చూడాలి. డ్రాయింగు పదాల కోసం జిస్ జెడ్ 8114 ఉంది; అందులో జపనీస్ పదాల పక్కన ఇంగ్లీషు మాటలు ఇచ్చారు. ఆ మాటతో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలను వెతికి, మన చేతిలోని పటంతో పోల్చి చూసుకోవాలి. చివరగా, రెండు కాంజీలు (జపనీస్ రాతలోని చైనా మూలపు అక్షరాలు) పట్టే గడిలో ఇంగ్లీషు మాట పట్టకపోతే అక్షరాలను చదవలేనంతగా కుదించకుండా, గడిలో ఒక అంకె వేసి, పటం కింద అంకెల వారీగా పూర్తి పేర్లు ఇవ్వాలి.