ఆరు నెలలు ఇంటికి తాళం వేసి వెళ్తున్నారా? సామాను సంగతి ముందు చూసుకోండి

మా కర్నూలులో మే నెల వచ్చిందంటే పిల్లల దగ్గరికి అమెరికా ప్రయాణాలు మొదలవుతాయి. ఇక్కడి ఎండ తప్పుతుంది, అక్కడ మనవళ్లకు సెలవులు. తిరిగొచ్చేసరికి అక్టోబరో నవంబరో. అంటే వానాకాలం మొత్తం ఇంట్లో మనిషి ఉండడన్నమాట. వీసాకి, టికెట్లకి, గోంగూర పచ్చడి కారకుండా ప్యాక్ చేయడానికి పడే తాపత్రయంలో పావు వంతు కూడా వెనక వదిలే సామాను మీద ఉండదు. నేనూ అంతే ఉండేదాన్ని, 2009 వరకు.

ఆ ఏడాది అమ్మాయి పురుడుకి బెంగళూరు వెళ్లి మూడు నెలలు ఉండిపోయాం. అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీలోకి నీళ్లొచ్చాయి. దారులు తెరిచాక వచ్చి చూస్తే మా ఇంట్లో గోడల మీద ఛాతీ ఎత్తున బురద గీత. మంచం కింద ట్రంకు పెట్టె మూత ఎత్తితే లోపల రెండు వేళ్ల మందాన ఒండ్రు. దాని కింద ధర్మవరం పట్టుచీరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పెళ్లి ఆల్బమ్ పేజీలు విడదీయబోతే బొమ్మలు ఊడి చేతికొచ్చాయి. తల పైకెత్తి చూస్తే అటక మీద ఖాళీ కుక్కర్ డబ్బాలు, మిక్సీ అట్టపెట్టె, పాత రగ్గులు అన్నీ పొడిగా, క్షేమంగా ఉన్నాయి! ఇన్నేళ్ల కాపురంలో పనికిరానివన్నీ పైకెక్కించి, విలువైనవన్నీ కింద పెట్టుకున్నామని ఆ రోజు తెలిసింది.

కాబట్టి నది దగ్గరున్నా లేకున్నా, వెళ్లేముందు అటక ఖాళీ చేయండి. ఆల్బమ్‌లు, సర్టిఫికెట్లు, పట్టుచీరలు పైకెక్కాలి. డాబా మీద రేకుల షెడ్డు ఉంది కదా, అక్కడ పెడదాం అనుకోవద్దు. మన ఎండకి రేకుల కింద ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, ప్లైవుడ్ జిగురు విడిపోతుంది, ఫొటోలు అంటుకుపోతాయి. మట్టి మిద్దె అయితే కారే చోటు మీకే బాగా తెలుసు, ఆ దూలం కింద ఏమీ పెట్టకండి.

ఇంటి దస్తావేజు పాడైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. తిరగాల్సి వస్తుంది గానీ దొరుకుతుంది. మా అమ్మానాన్నల ఫొటో మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకలేదు. ముందు ఫొటోలు స్కాన్ చేయించండి, కాగితాలు తర్వాత.

చీరల విషయంలో చాలామంది చేసే పొరపాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టడం. గాలి ఆడక లోపల చెమ్మ నిలుస్తుంది, జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో చుట్టండి. ఎప్పుడూ పడే మడత మీద కాకుండా వేరే మడత వేయండి, లేకపోతే ఆ గీత దగ్గరే చీర చిరుగుతుంది. కలరా ఉండలు వేసేటట్లయితే చిన్న గుడ్డలో మూటగట్టి మూలల్లో ఉంచండి, జరీకి తగలకూడదు.

వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. చెదలు మాత్రం ఏటా వస్తాయి. మన పాత ఇళ్లలో నేలకి పరిచిన బేతంచెర్ల బండల సందులే వాటికి రహదారి. మనిషి తిరిగే ఇంట్లో మట్టి గీత కనపడగానే తుడిచేస్తాం. తాళం వేసిన ఇంట్లో అడిగేవాళ్లెవరు? అట్టపెట్టెలు నేల మీద ఒక్కటి కూడా వదలొద్దు. ఇనప పెట్టెలైనా ఇటుకల మీద పెట్టండి. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి. చెదల మందు కొట్టించేది ఉంటే ప్రయాణానికి నెల ముందే కొట్టించండి, వాసన పోవడానికి టైమ్ కావాలి.

వంటింట్లో తినేది ఏదీ మిగలకూడదు. సగం బస్తా బియ్యం, జొన్నలు, కందిపప్పు ఎవరికైనా ఇచ్చేయండి. వేపాకు వేసి దాచినా ఆరు నెలలకి పురుగు పట్టడం ఖాయం, ఆ వాసనకి ఎలుకలూ వస్తాయి. ఫ్రిజ్ ఆపి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉంచాలి. మూసేస్తే లోపలంతా బూజే. రెగ్యులేటర్ తీసేసి సిలిండర్‌కి మూత బిగించండి. ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఫుల్ ఛార్జ్ చేసి వైర్లు విప్పించండి. స్కూటర్ బ్యాటరీ వైరు కూడా అంతే.

బాత్రూం సంగతి ఎవరూ చెప్పరు. నేల మీద జాలీ కింద వంపులో కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, కంపునీ బొద్దింకల్నీ ఆపేది అవే. మనం లేనప్పుడు అవి ఎండిపోతాయి. వెళ్లే రోజు చెంబెడు నీళ్లు పోసి, పైన నాలుగు చెంచాల వంటనూనె వేసి, జాలీ మీద ప్లేటు బోర్లించండి. నూనె పొర ఉంటే నీళ్లు తొందరగా ఆవిరి కావు. ట్యాంకు ఖాళీ చేసి, వాల్వ్ కట్టేసి, సంపు మూత సందు లేకుండా మూయండి. దోమలకి ఆ సందు చాలు.

బంగారం లాకర్లో పెట్టాం, ఇంక టెన్షన్ లేదు అంటారు. కొంచెం ఆగండి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగి మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలైతే 3 లక్షలు. ఇవాళ్టి ధరకి అది ఎన్ని తులాలో లెక్కేసుకోండి. బ్యాంకు తప్పు లేకుండా వరదలాంటి ప్రకృతి విపత్తులో నష్టపోతే అదీ రాదు. అందుకే మా ఊళ్లో లాకర్ తీసుకునేవాళ్లు అది సెల్లార్‌లో ఉందా, పై అంతస్తులో ఉందా అని తప్పకుండా అడగాలి. నామినీ పేరు రాయించి, నగలన్నీ ఫొటో తీసుకోండి.

దొంగకి ఇల్లు ఖాళీ అని చెప్పేది తాళం ఒక్కటే కాదు. అటు పక్కా ఇటు పక్కా వాకిళ్లలో ముగ్గులుండి, మధ్యలో మీ వాకిట్లో ఎండుటాకులుంటే చాలు. అందుకే పనిమనిషిని మాన్పించొద్దు. సగం జీతమిచ్చి రోజు మార్చి రోజు ఊడ్చి ముగ్గు వేయమనండి. పాలు, పేపరు ఆపించండి. మన పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే పద్ధతి ఉంది. మీ స్టేషన్‌లో ఇప్పుడు కెమెరా పెడుతున్నారో లేదో వారం ముందే కనుక్కోండి. ఎయిర్‌పోర్టు ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు, కొంపలేం మునగవు.

రాజంపేట, రాయచోటి నుంచి కువైట్ వెళ్లేవాళ్లలా అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లది వేరే కష్టం. సామాను చుట్టాలింట్లో పెడతారు. అయినవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేస్తే రెండేళ్ల తర్వాత మీ మంచం మీద వాళ్ల పిల్లాడు పడుకుని ఉంటాడు. అడిగితే నిష్ఠూరం, అడగకపోతే కడుపుమంట. మంచం, వాషింగ్ మెషీన్ లాంటివి అమ్మేయడమే నయం. మిగిలినవాటికి ఒక గది తీసుకుని నెలనెలా ఎంతోకొంత అద్దె ఇవ్వండి. ఏ పెట్టెలో ఏముందో రాసి, ఫొటో తీసి, ఒక కాపీ వాళ్ల చేతికివ్వండి. వదినా, ఇది నా గుర్తు కోసమే అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఒక తాళంచెవి నమ్మకమైన ఒక్కరి దగ్గరే ఉండాలి. నెలకోసారి వాళ్లు తలుపులు తీసి, గంటసేపు గాలి ఆడనిచ్చి, వీడియో కాల్‌లో గది గది చూపిస్తే చాలు. గోడల అడుగున చూపించమని అడగండి, మట్టి గీతలు ఉండేది అక్కడే.

తిరిగొచ్చిన రోజు, ఎంత రాత్రయినా సరే, లోపలికి రాగానే స్విచ్ వేయకండి. ముందు తలుపులు, కిటికీలు తెరిచి, గ్యాస్ వాసన వస్తోందేమో చూసి, టార్చి వెలుగులో ఎలుకలు వైర్లు కొరికాయేమో ఒక చూపు చూసి, ఆ తర్వాతే మెయిన్ ఆన్ చేయండి.