టీమ్‌ను నడిపే విద్య – నాలుగో పాఠం: చేతిలో ఎన్ని పనులున్నాయి?

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసి ఉంటే మీ దగ్గర ఇప్పుడొక చిన్న పట్టిక ఉండాలి. వాడుకరుల దాకా వెళ్లిపోయిన అయిదు బగ్గులు (సాఫ్ట్‌వేర్‌లోని తప్పులు), ఒక్కొక్కటీ ఏ దశలో కోడ్‌లోకి చొరబడింది, ఏ దశలో దొరికి ఉండవలసింది అన్న వివరాలు అందులో ఉంటాయి. చివరి గడిలో కారణం రాయమన్నాను. అక్కడ కనీసం రెండు చోట్ల ‘తొందర’ అనో ‘సమయం చాలలేదు’ అనో రాసి ఉంటారని నా అంచనా. అందరూ అదే రాస్తారు. అయితే ఆ తొందర ఎక్కడినుంచి వచ్చిందని ఇంకొక్క ప్రశ్న వేసుకోవాలి. గడువే మరీ దగ్గరగా పెట్టారా? కొన్నిసార్లు అంతే. నేను ఎక్కువగా చూసింది మాత్రం మరొకటి. పని గడువుకు మూడు వారాల ముందే మొదలవుతుంది. మధ్యలో రెండు వారాలు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటుంది. ఆఖరి నాలుగు రోజుల్లో ఉరుకులు పరుగుల మీద ముగుస్తుంది.

ఈ పాఠం పడి ఉన్న ఆ రెండు వారాల గురించి. నాణ్యత, ఏకాగ్రత, ఉత్సాహం అంటూ శిక్షణ తరగతుల్లో మూడు వేర్వేరు అంశాలుగా బోధిస్తారు. టీమ్‌లను నడుపుతూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను, ఆ మూడూ చాలావరకు ఒకే సంఖ్యను పట్టుకుని పైకీ కిందికీ పోతుంటాయి. టీమ్ మొదలుపెట్టి ఇంకా ముగించని పనులు ఈ రోజుకు ఎన్ని అన్నదే ఆ సంఖ్య.

ముందు లెక్క

వరుసల్లో నిరీక్షణ గురించి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది: సగటున చేతిలో ఉన్న పనుల సంఖ్య, పనులు పూర్తయ్యే వేగాన్ని ఒక్కో పనికి పట్టే సగటు కాలంతో గుణిస్తే వచ్చే సంఖ్యతో సమానం. దీన్ని తిప్పి రాసుకుంటే మనకు పనికొస్తుంది. ఆరుగురు ఉన్న టీమ్ వారానికి మూడు పనులు ముగిస్తోందనుకుందాం. చేతిలో 18 పనులుంటే ఒక్కోటి మొదలై ముగియడానికి సగటున ఆరు వారాలు. చేతిలో ఉన్నవాటిని ఆరుకు తగ్గిస్తే అదే వేగంతో ఒక్కో పని రెండు వారాల్లో బయటపడుతుంది. ఎవరూ వేగం పెంచలేదు, ఎవరూ రాత్రుళ్లు కూర్చోలేదు.

సూత్రానికి షరతులున్నాయి. ఇది సగటుల గురించి చెప్పేది. పనులు వచ్చే వేగం, పోయే వేగం ఇంచుమించు స్థిరంగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఫలానా పని ఫలానా శుక్రవారానికి అయిపోతుందని దీన్నిబట్టి మాట ఇవ్వకూడదు. పైగా చేతిలో పనులు తగ్గించాక వారానికి మూడు కాస్తా రెండుకు పడిపోతే లెక్క మారిపోతుంది. అలా పడిపోతుందని భయపడేవాళ్లే ఎక్కువ. ‘మరి మిగతావాళ్లు ఖాళీగా కూర్చోరా?’ అన్నది నేను ప్రతి సంస్థలోనూ విన్న మొదటి ప్రశ్న. మనుషులు ఖాళీగా ఉన్నారేమోనని కనిపెట్టుకుని ఉండే మేనేజర్లు, పని ఖాళీగా పడి ఉందేమోనని చూడరు. రివ్యూ కోసం, అంటే మరొకరు చదివి తప్పులు చూడటం కోసం, తొమ్మిది రోజులుగా ఎదురుచూస్తున్న కోడ్ ఎవరి సీటులోనూ కనిపించదు కదా.

లెక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. ఏ పని ఏ దశలో ఉందో గడులుగా చూపే టీమ్ బోర్డు మీద ‘చేస్తున్నవి’ అన్న గడి ఒక్కటే చూస్తే మోసపోతారు. రివ్యూలో ఉన్నవి, టెస్టింగ్‌లో ఉన్నవి, రిలీజ్ కోసం ఆగినవి, ‘పక్క టీమ్ నుంచి జవాబు రావాలి’ అన్న ముద్రతో మూలన పడ్డవి, అన్నీ లెక్కలోకే వస్తాయి. బోర్డు మీదకు ఎక్కనివి ఇంకా ఉంటాయి. అవి మనుషుల్ని విడివిడిగా అడిగితేనే తెలుస్తాయి. అలాంటి ఒక సంభాషణ నాకు బాగా గుర్తు. చాలా సమర్థుడైన ఇంజినీరు, ఆయన పేరు మీద నాలుగు పనులున్నాయి.

‘‘ఎలా నడుస్తున్నాయండీ?’’

‘‘అన్నీ నడుస్తున్నాయి సర్.’’

‘‘నిన్న వీటిలో దేన్ని ముట్టుకున్నారు?’’

ఆయన కాసేపు తెర వైపు చూసి ఒకదాని మీద వేలు పెట్టారు. ‘‘మరి మిగతా మూడు?’’ అన్నాను.

‘‘అవి నా పేరు మీద ఉన్నాయంతే సర్. నేను వదిలేస్తే ఎవరూ తీసుకోరేమోనని.’’

ఇంకాస్త మాట్లాడితే బోర్డులో లేని అయిదోది బయటపడింది. పక్క విభాగానికి ‘చిన్న సాయం’గా మొదలైన ఒక నివేదిక ప్రోగ్రామ్ అది. ఆయన పొద్దున్నే ముందు దాన్నే తెరుస్తున్నారట, అడిగేవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు కాబట్టి. ‘‘నిన్న దేన్ని ముట్టుకున్నారు?’’ అన్న ప్రశ్న రాసిపెట్టుకోండి. ‘ఎంతవరకు వచ్చింది’ అని అడిగితే మర్యాదకు ఒక శాతం చెబుతారు. నిన్నటి గురించి అడిగితే జరిగింది చెబుతారు.

నాణ్యతకు దీనితో ఏమిటి సంబంధం

ఒక మామూలు రివ్యూ వ్యాఖ్యనే దగ్గరగా చూద్దాం. చెల్లింపు మొత్తాన్ని లెక్కించే కోడ్‌లో రివ్యూ చేసే ఆమె ఒక వరుస దగ్గర ఆగి ఇలా రాసింది: ‘రాయితీ విలువ ఖాళీగా వస్తే ఏమవుతుంది?’ ఈ ప్రశ్న కోడ్ రాసిన రోజే వస్తే, రాసినవాడికి ఆ విలువ ఎక్కడినుంచి వస్తుందో, ఎప్పుడు ఖాళీగా ఉండవచ్చో ఇంకా కళ్ల ముందే ఉంటుంది. పది నిమిషాల్లో సరిచేసి, దానికొక టెస్టు కూడా రాస్తాడు. అదే వ్యాఖ్య పన్నెండు రోజుల తర్వాత వస్తే? ఈలోగా అతను మరో రెండు పనుల్లో మునిగి ఉన్నాడు. పాత కోడ్‌ను మళ్లీ చదివి అర్థం చేసుకోవడానికే ఒక పూట కావాలి. అందుకని ‘ఆ విలువ ఖాళీగా రాదు’ అని జవాబు రాసి మూసేస్తాడు. రాదని అతనికి నిజంగా తెలుసా? తెలియదు. రాకూడదని కోరుకుంటున్నాడు. మీ పట్టికలోని అయిదు బగ్గుల్లో ఇలాంటి ఒక జవాబు వెనుక దాగినది ఉందేమో వెతకండి.

2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాల సారాంశం కూడా ఇదే వైపు చూపిస్తుంది. ఒక పని వదిలి ఇంకో పనికి మళ్లినప్పుడు ధ్యాసలో కొంత మొదటిదాని మీదే ఉండిపోతుంది, దానివల్ల రెండో పని నాసిగా సాగుతుంది. అయిదు పనులున్న మనిషి అయిదింటి శేషాన్నీ మోస్తూ కోడ్ రాస్తున్నాడు. బగ్గులు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

సగంలో వదిలినది ఎంత ప్రమాదమో చెప్పడానికి 2012 ఆగస్టు 1న నైట్ కేపిటల్ అనే అమెరికా షేర్ల వ్యాపార సంస్థకు జరిగిన నష్టం కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఏడింటిలో పెట్టారు, ఒకటి మిగిలిపోయింది. ఆ ఒక్కదానిలో 2003 నుంచి ఎవరూ వాడని, అయినా తీసివేయని పాత కోడ్ ఉంది. ఆ పాత కోడ్‌ను నడిపే మీటనే కొత్త కోడ్ కోసం మళ్లీ వాడుకున్నారు. మార్కెట్ తెరవగానే ఆ సర్వర్ ఆర్డర్ల మీద ఆర్డర్లు గుప్పించింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. దీన్ని ‘ఒక సర్వర్ మరచిపోయారు’ అన్న కథగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇందులో రెండు ముగియని పనులు కనిపిస్తాయి. ఒకటి ఆ రోజుది. రెండోది తొమ్మిదేళ్లనాటిది: వాడకం ఆపేశారు, కోడ్ తీసేయలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే ఈ లోపాన్ని ప్రస్తావిస్తూ ఆ వ్యవస్థ సిబ్బందికి 97 ఈమెయిల్‌లు పంపింది. వాటిని హెచ్చరికలుగా చూసే అలవాటు ఎవరికీ లేదు. రోజూ వచ్చిపడే యాంత్రిక మెయిళ్ల మధ్య మీ టీమ్‌కు అలాంటి 97 వస్తే ఎవరు తెరుస్తారో ఆలోచించండి.

కాబట్టి ఒక పని ‘ముగిసింది’ అనడానికి మీ టీమ్ రాసుకునే నిబంధనల్లో పాత కోడ్ తీసివేత కూడా ఉండాలి. చాలా టీమ్‌లు దాన్ని వేరే పనిగా రాసి తర్వాతి వరుసలో పెడతాయి. ఆ వరుస ఎప్పటికీ రాదు.

ఏది వదలాలో ముందే తేల్చుకోవడం

పనులు తగ్గించుకోమని చెప్పడం సులువే. వచ్చి పడుతుంటే ఏం చేయాలి? దీనికి మనుషులకంటే ఒక కంప్యూటరే మంచి పాఠం చెప్పింది. 1969 జూలై 20న అపోలో 11 వాహనం చంద్రుడి మీదకు దిగుతుండగా దాని కంప్యూటర్ 1202 అనే హెచ్చరిక చూపించింది. ఆ సమయంలో అవసరం లేని రాడార్ నుంచి వచ్చే సంకేతాలు కంప్యూటర్ సమయాన్ని తినేస్తున్నాయి, పనులు పేరుకుపోయాయి. ఆ సాఫ్ట్‌వేర్ కుప్పకూలలేదు. తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుని, దిగడానికి కావలసిన లెక్కలను కొనసాగించి, తక్కువ ప్రాధాన్యం ఉన్నవాటిని వదిలేసింది. హెచ్చరికలు మళ్లీ మళ్లీ వచ్చినా వాహనం దిగింది.

ఇందులో మేనేజర్ గమనించవలసింది, ఏ పని ముఖ్యమో, ఏది వదిలేయవచ్చో ప్రోగ్రామ్ రాసినవాళ్లు నేల మీద, నిదానంగా, ఎంతో ముందుగా నిర్ణయించారన్నది. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తాం. ప్రశాంతంగా ఉన్నప్పుడు అన్నిటికీ ‘అత్యవసరం’ అని ముద్ర వేస్తాం, వరద వచ్చాక ఏది వదలాలని సమావేశం పెడతాం. ఆ సమావేశంలో గెలిచేది గొంతు పెద్దగా ఉన్నవాళ్ల పని.

పైనుంచి కొత్త పని వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ‘కుదరదు’ అనకండి, అది పోట్లాట అవుతుంది. ‘సరే’ అని ఊరుకోకండి, అది టీమ్‌కు ద్రోహం. జాబితా తెర మీద పెట్టి, ‘‘దీన్ని ఈ రోజే మొదలుపెడతాం సర్. ఈ ఆరింటిలో దేన్ని ఆపమంటారు?’’ అని అడగండి. నా అనుభవంలో సగం సార్లు వచ్చే జవాబు ‘‘అయితే వచ్చే వారం చూద్దాం’’. మిగతా సగం సార్లు నిజంగానే ఒకదాన్ని ఆపుతారు. అప్పుడది మీ నిర్ణయం కాదు, వాళ్లది. మూడు నెలల తర్వాత ఆ తేడా విలువ తెలుస్తుంది.

ఉత్సాహం మాట

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఉత్సాహం కోసం విడిగా చేసే కార్యక్రమాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ఇంజినీర్లు, అకౌంటెంట్ల అనుభవాలు సేకరించి ప్రచురించినప్పుడు, పనిలో సంతోషం కలిగించిన సందర్భాల్లో ముందు వరుసలో నిలిచింది ఏదైనా సాధించామన్న భావన. 1971లో ఎడ్వర్డ్ డెసి విద్యార్థులకు బొమ్మల దిమ్మెలతో పజిళ్లు ఇచ్చి చూశారు. డబ్బు ఇచ్చి, తర్వాత ఆపేస్తే, ఖాళీ సమయంలో వాటితో ఆడుకోవాలన్న ఆసక్తి తగ్గింది. ఈ రెండూ కలిపి చూస్తే, పట్టుకున్న బగ్గుకు ఇంత అని బహుమతి పెట్టే పథకాలు నాకెందుకు నచ్చవో అర్థమవుతుంది. పెద్ద బగ్గును మూడుగా విడగొట్టి నమోదు చేయడం అందరూ త్వరగానే నేర్చుకుంటారు.

ఆరు వారాలపాటు ఏదీ ముగియని టీమ్‌కు సాధించామన్న భావన ఎక్కడినుంచి వస్తుంది? పనులు తగ్గించిన టీమ్‌లో మొదట కనిపించే మార్పు ఉదయపు సమావేశంలో వినిపిస్తుంది. ‘ఇంకా దాని మీదే ఉన్నాను’ అన్న మాట తగ్గి, ‘నిన్న అది బయటికి వెళ్లిపోయింది, ఇవాళ ఎవరికి రివ్యూ కావాలి?’ అన్న మాట వస్తుంది.

మొదలుపెట్టడం

ఒకేసారి చేతిలో ఉండే పనులకు పరిమితి ఎంత పెట్టాలని తర్జనభర్జన వద్దు. టీమ్‌లో ఎంతమంది ఉంటే అన్ని పనులతో మొదలుపెట్టండి, కుదురుకున్నాక ఒకటో రెండో తగ్గించండి. నిజమైన అత్యవసరానికి ఒక్క గడి, ఒక్కటే, విడిగా ఉంచండి. పరిమితి నిండి ఒకరికి చేతిలో పని లేకపోతే కొత్తది తీయకూడదు. బోర్డులో కుడి చివర, అంటే రిలీజ్‌కు దగ్గరగా ఉన్నదాన్ని చూసి దాన్ని బయటికి పంపడానికి సాయపడాలి. ఇక్కడే సీనియర్లు నొచ్చుకుంటారు, ఎవరో రాసినదాన్ని టెస్టు చేయమంటే చిన్నతనంగా ఉంటుంది. మొదటి వారం మీరే కూర్చుని ఒకటి టెస్టు చేయండి, గొణుగుడు తగ్గుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఫిర్యాదులు అందుకునే సహాయక బృందాలకు ఈ పద్ధతి యథాతథంగా సరిపోదు. వాళ్ల పాఠం తర్వాత వస్తుంది.

ఈ వారం అభ్యాసం మూడు భాగాలు. సోమవారం మీ టీమ్ చేతిలో ఉన్న పనులన్నీ, బోర్డులో లేనివి సహా, ఒకే కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన చివరిసారి ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో తేదీ వేయండి. గడిచిన నాలుగు వారాల్లో ముగిసిన పనులు లెక్కపెట్టి పైసూత్రంతో సగటు కాలం కట్టండి. తర్వాత అయిదు రోజులకు పైగా ఎవరూ ముట్టుకోని వాటిని ఎంచి, ఒక్కోదాన్నీ వారాంతంలోపు ముగించాలా, మొదలుపెట్టని జాబితాలోకి వెనక్కి పంపాలా, పూర్తిగా రద్దు చేయాలా టీమ్‌తోనే తేల్చండి. ‘అలాగే ఉంచుదాం’ అన్న నాలుగో అవకాశం ఇవ్వకండి. రద్దయిన పనుల పేర్లు, వాటిని మొదట అడిగినవాళ్ల పేర్లు దాచిపెట్టుకోండి. అయిదో పాఠంలో వాళ్లతో మాట్లాడటం ఎలాగో చూస్తాం, దానికి ఆ జాబితా కావాలి.