ఇంప్లాంట్ గైడ్ మొరాయిస్తే: ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

ఇంప్లాంట్ గైడ్ అంటే పళ్ల మీద కూర్చుని, పంటి ఇంప్లాంట్ కోసం ఎముకలోకి దిగే డ్రిల్‌కు దారి చూపే ప్రింట్ చేసిన అచ్చు. కంప్యూటర్ తెర మీద ఇంప్లాంట్ చక్కగా కూర్చుంటుంది, తిప్పలు నోట్లో బయటపడతాయి. తప్పు మాత్రం చాలాసార్లు డ్రిల్ పట్టకముందే జరిగిపోయి ఉంటుంది. అందుకే వెనక్కి, స్కాన్ దాకా వెతుక్కుంటూ వెళ్లాలి.

గైడ్ పళ్ల మీద పూర్తిగా దిగదు, లేదా ఊగుతుంది

స్కాన్ తర్వాత పేషెంట్‌కు ఫిల్లింగో క్యాపో వేశారేమో ముందు కనుక్కోండి. వేసి ఉంటే ఆ గైడ్ ఇక పనికిరాదు, మళ్లీ స్కాన్ చేయాల్సిందే. లేదంటే అదే స్కాన్ నుంచి ప్రింట్ చేసిన మోడల్ మీద పెట్టి చూడండి. మోడల్ మీదా దిగకపోతే అనుమానం గైడ్ ప్రింట్ మీద. లోపలి వైపు సపోర్టులు (ప్రింటయ్యేటప్పుడు గైడ్‌ను నిలిపే పుల్లలు) పెట్టడం వల్ల మిగిలిన మొలకలు, సరిగా కడగక గుంటల్లో గట్టిపడ్డ రెజిన్ (ప్రింట్‌కు వాడే ద్రవం), క్యూరింగ్‌లో, అంటే వెలుతురుతో గట్టిపరచడంలో, వచ్చిన వంకర, వీటిలో ఏదో ఒకటి అయివుంటుంది. మోడల్ మీద దిగి నోట్లో దిగకపోతే చాలావరకు స్కాన్ లోపమే.

పంటి అంచు గైడ్‌కు ఆనిందో లేదో చూసుకోడానికి దూరదూరంగా మూడు నాలుగు కిటికీలు డిజైన్‌లోనే పెట్టించండి. బలవంతంగా నొక్కి కూర్చోబెట్టొద్దు. గైడ్ వంగితే డ్రిల్ దారీ వంగుతుంది.

గైడ్ బాగానే కూర్చుంది, ఇంప్లాంట్ మాత్రం తప్పుచోట పడింది

అన్నిటికన్నా ప్రమాదం ఇదే, ఎందుకంటే పని జరిగేటప్పుడు చేతికి ఏమీ తెలియదు. సీబీసీటీనీ (దవడ ఎముకను చూపే 3డి ఎక్స్‌రే) నోటి స్కాన్‌నూ కలపడంలో తేడా వచ్చి ఉంటుంది. లోహపు క్యాపుల చుట్టూ సీబీసీటీలో చారలు వస్తాయి, ఆ పళ్ల మీద గుర్తులు పెడితే రెండూ జరిగి అతుక్కుంటాయి. లోహం లేని పళ్లను, దవడకు రెండు వైపులా, ముందూ కలిపి కనీసం మూడు చోట్ల ఎంచుకోండి. ఆపైన ఒక్కో స్లైసూ చూడండి. నోటి స్కాన్ గీత సీబీసీటీలోని పంటి అంచు మీదే నడవాలి. సీబీసీటీ తీసేటప్పుడు దూది చుట్ట కరిపించకపోతే పై, కింది పళ్లు కలిసిపోయి ఈ పని కష్టమవుతుంది. పేషెంట్ కదిలి అంచులు జంటగా కనిపిస్తే మళ్లీ తీయించండి, సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవాలని చూడొద్దు.

అన్నీ సరిగా చేసినా సగటున ఎముకలోకి దిగే చోట 1.2 మి.మీ., కొసన 1.4 మి.మీ., కోణంలో 3.5 డిగ్రీల వరకు తేడా ఉంటుంది. కింది దవడ నాడికి 2 మి.మీ. ఎడం వదలమనేది అందుకే, దాంట్లో బేరం లేదు. పక్క పన్నుకు 1.5 మి.మీ., రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మి.మీ. ఉండాలి.

వెనక పళ్లు లేనిచోట ఇంప్లాంట్ వాలింది

గైడ్ వెనక కొస మెత్తటి చిగురు మీద ఆని, డ్రిల్ ఒత్తిడికి కుంగింది. ఆ వైపు ఎముకలోకి ఒక పిన్ను బిగించండి. నోట్లో పళ్లే లేకపోతే మూడు పిన్నులు, అవి బిగించేదాకా గైడ్‌ను నిలిపే బైట్ ఇండెక్స్ (పేషెంట్ కరిచిపట్టే అచ్చు) కావాలి.

ఎముక వేడెక్కుతోంది

గైడ్‌లో డ్రిల్ దూరే గొట్టం, అంటే స్లీవ్, అడ్డుపడి సెలైన్ లోపలికి చేరదు. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుంది. డ్రిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ, సిరంజితో పక్కనుంచి సెలైన్ కొట్టండి. మొద్దుబారిన డ్రిల్ వాడొద్దు.

డ్రిల్ స్లీవ్‌లోకి దూరదు

గైడెడ్ డ్రిల్ పొడవు, నోరు చాలదు. నోరు ఎంత తెరుచుకుంటుందో ప్లానింగ్ రోజే కొలవండి, చాలకపోతే పక్కనుంచి డ్రిల్ దూర్చే తెరిచిన స్లీవ్ పెట్టించండి.