శ్రావణం రాకముందే: బ్యాండ్ సా మీద చిన్న ముక్కలు కోసేవాళ్లకు

ఆషాఢంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు కాబట్టి హనుమకొండలో మా షెడ్డుకు ఇప్పుడు కాస్త తీరిక. శ్రావణం పడగానే పూజా మందిరాల ఆర్డర్లు ఒక్కసారిగా వస్తాయి. మందిరం పనిలో పెద్ద చెక్క తక్కువ, చిన్న ముక్కలు ఎక్కువ. శిఖరాలు, కమానులు, జాలీ పట్టీలు, బొటనవేలంత స్తంభాలు. నేను కళ్లారా చూసిన గాయాలు దుంగల దగ్గర కాదు, ఈ ముక్కల దగ్గరే అయ్యాయి. అందుకే ఈ నెలలోనే ఏర్పాట్లు చేసుకోమని చెబుతున్నాను.

బ్యాండ్ సాలో, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపంలో, బ్లేడ్ పైనుంచి కిందికి దిగుతూ ముక్కను బల్లకు అదిమిపెడుతుంది. సర్క్యులర్ రంపంలాగా ఎదురు విసరదు. ఆ ధైర్యంతోనే రెండు వేళ్లతో ముక్క పట్టుకుని తోసేస్తాం. కానీ కింద బల్ల ఆనని చోట అదే బలం ముక్కను సందులోకి గుంజుతుంది. ముక్క వెంట వేలూ పోతుంది.

గుండ్రటి కర్ర ఇంకా ప్రమాదం. ఒకసారి టేకు కడ్డీని ఒట్టి చేత్తో పట్టుకుని అడ్డంగా కోస్తుంటే, పన్ను తగలగానే అది గిర్రున తిరిగి నా చేతిని బ్లేడ్ వైపు లాక్కుపోయింది. నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ రెండుగా చీలే పెరుగుతుంది. ఇప్పుడు మందపాటి చెక్కకు వి ఆకారంలో గాడి తీసి, కడ్డీని అందులో పడుకోబెట్టి, కదలకుండా బిగించాకే కోస్తాను. ఆ గాడి చెక్క చేయడానికి పావుగంట కూడా పట్టదు.

అసలు కిటుకు ఒక్కటే. చిన్న ముక్కను చిన్నదిగా ఉండగా కోయొద్దు. ఆకారాన్ని పొడుగాటి చెక్క కొసన గీసుకుని, వంపులన్నీ కోశాక ఆఖరున విడదీయండి. ముక్క ముందే చిన్నదైతే జానెడు ప్లైవుడ్ మీద డబుల్ సైడ్ టేపుతో అంటించి, ప్లైవుడ్‌తో కలిపే కోయండి. చేతులు పట్టుకునేది ప్లైవుడ్‌ను. పలుచటి జాలీ పట్టీలకు కూడా కింద ప్లైవుడ్ వేస్తే అంచులు చిట్లవు.

బల్లలో బ్లేడ్ చుట్టూ ఉండే సందును మూయాలి. పలుచటి ప్లైవుడ్ షీటును సగం దాకా కోసి, మిషన్ ఆపి, బ్లేడ్ పూర్తిగా ఆగాక షీటును బల్లకు క్లాంపులతో బిగించండి. బ్లేడ్ తన గాడిలోనే ఆడుతుంది, ముక్క పడిపోవడానికి చోటుండదు.

పళ్ల లెక్క చాలామంది చూడరు. చెక్క మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలి. అంగుళానికి 4 పళ్ల బ్లేడ్ అయితే 6 మిల్లీమీటర్ల పట్టీలో ఒక్క పన్నే పడుతుంది, అది పట్టీని కొక్కెంలా పట్టి లాగుతుంది. ఆ పనికి అంగుళానికి 14 పళ్లది కావాలి. బ్లేడ్ మార్చడానికి బద్ధకించొద్దు. బ్లేడ్ పక్కకు ఊగకుండా పట్టి ఉంచే పై గైడ్‌ను కూడా చెక్కకు 5, 6 మిల్లీమీటర్ల పైదాకా దించండి.

వేళ్లు బ్లేడ్‌కు మూడంగుళాల దూరంలో, కోత గీతకు పక్కన ఉండాలి. అంతకంటే దగ్గరికి వెళ్లాలంటే తోపుడు కర్రతోనే తోయాలి. కోత చివర్లో చెక్క ఒక్కసారిగా వదిలేస్తుంది, అక్కడ చేయి మెల్లగా నడవాలి. కోసిన ముక్క మిషన్ ఆగేదాకా అక్కడే ఉండనివ్వండి. స్విచ్ ఆపాక కూడా చక్రాలు కాసేపు తిరుగుతాయి.

వానాకాలం కరెంటు పోయి వస్తుంటుంది. పోగానే స్విచ్ ఆపేయండి, లేకపోతే ముక్క సర్దుతుండగా మిషన్ తిరుగుతుంది. రాఖీ పున్నమి తర్వాత చేతులకు దారాలు వేలాడుతుంటాయి. చెల్లె కట్టింది తీయడానికి మనసొప్పదు, నాకు తెలుసు. మిషన్ దగ్గరికి వచ్చేముందు తీసి జేబులో పెట్టుకోండి. గ్లౌజులు కూడా వద్దు.

ఎవరికైనా వేలు తెగితే గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి 108కి ఫోన్ చేయాలి. తెగిన భాగాన్ని నేరుగా ఐసు మీద పెట్టొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో ఉంచి వెంట తీసుకెళ్లాలి. ఈ నాలుగు మాటలూ రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించాను. పనికి కొత్తగా వచ్చిన తమ్ముడితో మొదటిరోజే పైకి చదివిస్తాను.