కోర్ కోశాక రీడింగ్ నిలవడం లేదా? కాంక్రీటు రోడ్డులో అవశేష ప్రతిబలం కొలిచేవారికి

సమస్య: కాంక్రీటులో బిగుసుకుని ఉన్న ప్రతిబలాన్ని (అవశేష ప్రతిబలం) కొలవడానికి స్ట్రెయిన్ గేజి (సాగుదలనూ కుదింపునూ కొలిచే పలుచని పట్టీ) అతికించి, దాని చుట్టూ కోర్ (గుండ్రని స్తంభంలాంటి ముక్క) కోయగానే రీడింగ్ విపరీతంగా మారుతుంది, ఆ తరువాత కూడా ఒకచోట నిలవదు.

ముందుగా, కోయకముందే అరగంటసేపు గేజిని కదపకుండా గమనించండి. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే. అప్పుడే రీడింగ్ జారుతుంటే లోపం జిగురులోనో, టంకంలోనో, ఎండకు వేడెక్కే రెండు తీగల కనెక్షన్‌లోనో ఉంటుంది. తీగలే కారణమైతే, వాటి వేడి ప్రభావం రద్దయ్యే మూడు తీగల పద్ధతికి మారండి. గేజి పొడవు కంకర గరిష్ఠ పరిమాణానికి కనీసం మూడు రెట్లు లేకపోతే అది ఒక్క గ్రానైటు రాయి సంగతే చెబుతుంది.

కోయకముందు నిలకడగా ఉండి, కోశాకే చెదిరితే కారణం దాదాపు ఎప్పుడూ కటింగ్ నీళ్లే. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం చెప్పులు లేకుండా నిలబడలేని స్లాబ్ మీద నీడలో ఉంచిన డ్రమ్ము నీళ్లు పారిస్తే, పై పొర 10 డిగ్రీలు చల్లబడటం విశేషమేమీ కాదు. కాంక్రీటు డిగ్రీకి సుమారు పది మైక్రోస్ట్రెయిన్ (ఒక్కోటి పొడవులో పది లక్షలో ఒక వంతు మార్పు) చొప్పున కుదించుకుంటుంది కనుక అది 100 మైక్రోస్ట్రెయిన్ అవుతుంది. ఐఎస్ 456 (భారత కాంక్రీటు ప్రమాణం) సూత్రం ప్రకారం ఎం40 (40 మెగాపాస్కల్ బలమున్న) కాంక్రీటు స్థితిస్థాపక గుణకం (ప్రతిబలానికీ స్ట్రెయిన్‌కూ నిష్పత్తి) సుమారు 31,600 మెగాపాస్కల్ కాబట్టి, దాన్ని ప్రతిబలంగా లెక్కిస్తే 3 మెగాపాస్కల్ దాటుతుంది. అదే కాంక్రీటు వంపులో తట్టుకునే బలం 4.4 మాత్రమే. ఉష్ణోగ్రతా సవరణ గల గేజి కూడా ఇక్కడ పూర్తిగా కాపాడదు, ఎందుకంటే పైన చల్లగా, లోపల వేడిగా ఉన్న కోర్ స్వేచ్ఛగా కుదించుకోలేదు. అందుకే గేజి రకాన్ని బట్టి తప్పు తన్యత (లాగుడు) వైపూ పోవచ్చు, సంపీడనం (నొక్కుడు) వైపూ పోవచ్చు. పైగా ఎండిన పై పొర నీరు పీల్చి ఉబ్బుతుంది, అది మరో దొంగ వికృతి (స్ట్రెయిన్).

పరిష్కారం: గేజి పక్కనే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ జంట) అతికించి, ప్రతి రీడింగ్‌తోపాటు ఉష్ణోగ్రత రాయండి. గేజినీ చుట్టుపక్కల పై పొరనూ బ్యూటైల్ (నీరు చొరనివ్వని రబ్బరు) పూతతో మూయండి. అదే కాంక్రీటుతో చేసిన విడి ముక్క మీద అదే రకం మరో గేజి అతికించి, దానిపైనా అవే నీళ్లు పారించి, దాని మార్పును తీసివేయండి. కోత ముగిశాక నీళ్లు తుడిచి, నీడ కల్పించి, ఉష్ణోగ్రత మొదటి విలువకు చేరి, వరుస రీడింగులు కలిశాకే ఫలితం రాయండి. తొందరలో తీసిన అంకెను తరువాత సరిదిద్దే సూత్రమేదీ లేదు.

స్లాబ్ పైభాగానికీ అడుగుకూ మధ్య ఉష్ణోగ్రత తేడా వల్ల కలిగే వంపు ప్రతిబలం కూడా ఈ కొలతలో కలుస్తుంది. దాన్ని వేరు చేయాలంటే రెండు చోట్లా ఉష్ణోగ్రత చూసి, తేడా సున్నాకు దగ్గరపడే ఉదయపు లేదా సాయంత్రపు వేళలో కోయండి.

డోవెల్ కడ్డీ (స్లాబుల కీళ్లలో వేసే ఉక్కు కడ్డీ) తగలడం, కోతకు సన్న పగుళ్లు రావడం అరుదు; పై పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నప్పుడే వాటి జోలికి వెళ్లండి.