వరద ఊళ్లకు సరుకు పంపేవారికి ఒక కిరాణా వ్యాపారి చెప్పే మాట

మాది రాజమహేంద్రవరంలో కిరాణా టోకు వ్యాపారం. గోదావరికి వరద వచ్చిందంటే తెలిసినవారు, తెలియనివారు కూడా ఫోను చేసి, "ఒక లారీ సరుకు కట్టించండి, కూనవరం వైపు పంపుదాం" అంటారు. మనసు మంచిదే. ఎవరికి, ఏమి, ఎంత అని అడిగితే మాత్రం అవతల నిశ్శబ్దం. అందుకే ఇది రాస్తున్నాను. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల కోయ, కొండరెడ్డి గూడేలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. పట్నపు వరద లెక్క వేరు.

ముందు భద్రాచలం నీటిమట్టం చూడండి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగుల పైకి పోయింది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరికి దిగే చోటుండదు, వెనక్కి తన్నుతుంది. పైన వాన వెలిసినా ఊళ్లలో నీరు రోజుల తరబడి కదలదు. కాబట్టి రెండో హెచ్చరిక నాటికే సరుకు కట్టడం మొదలుపెట్టాలి. మూడోది వచ్చాక బయలుదేరితే రోడ్లు నీళ్లలో ఉంటాయి. మనవైపు నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు చేరాలి. వానల్లో అక్కడ కొండచరియలు జారుతుంటాయి. పది చక్రాల లారీ ఇరుక్కుంటే మీ సరుకుతో పాటు వెనకున్న అంబులెన్సు కూడా ఆగిపోతుంది. చిన్న వ్యాన్లు మేలు, అదీ పగటిపూట.

బండి కదిలేముందు చింతూరు ఐటీడీఏకో (గిరిజనాభివృద్ధి సంస్థ), తహసీల్దారు కార్యాలయానికో ఫోను చేయండి. మూడు ప్రశ్నలు చాలు. జనం శిబిరంలో ఉన్నారా, గుట్టలెక్కి బరకాలు కట్టుకున్నారా? ప్రభుత్వం ఇప్పటికి ఏమి ఇచ్చింది? పడవ ఎవరి దగ్గర దొరుకుతుంది? బియ్యం సాధారణంగా ప్రభుత్వమే ఇస్తుంది. దాని మీద మళ్లీ బియ్యమే పోస్తే, కూరకు ఉప్పు లేని ఇంట్లో మూడు బస్తాలు నిలబడి ఉంటాయి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరుతో తప్పకుండా మాట్లాడండి. ఏ గుట్ట మీద ఎన్ని కుటుంబాలు, ఎవరు బాలింత, ఎవరు మంచం దిగలేరు అన్నది వారికి నోటికి వచ్చు.

మొదటి రెండు రోజులు పచ్చి సరుకు పనికిరాదు. కట్టెలు తడిసి ఉంటాయి, గిన్నెలు నీటిలో పోయి ఉంటాయి. వండిన అన్నమే తీసుకెళ్లాలి. సాంబారన్నం, పెరుగన్నం వద్దు, పడవ ప్రయాణంలోనే పులిసిపోతాయి. పులిహోర చింతపండు దట్టించి, కొబ్బరి, ఉల్లి లేకుండా చేయించండి. వండిన వెంటనే పొట్లం కట్టకూడదు. వెడల్పాటి పళ్లేల్లో పరిచి, ఆవిరి పూర్తిగా పోయాక కట్టాలి. వేడిమీద కవరులో మూస్తే లోపల చెమట పట్టి మధ్యాహ్నానికి వాసన వస్తుంది. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, బిస్కెట్లు కూడా పెట్టండి. పాలపొడి డబ్బాలు పసిపిల్లల పేరుతో పంచవద్దు. నీళ్లు శుభ్రంగా లేనిచోట డబ్బా పాలు విరేచనాలు తెచ్చిపెడతాయి. తల్లి కడుపు నిండా తింటే బిడ్డకు పాలుంటాయి.

తాగునీరు అన్నంకన్నా ముందు. శిబిరంలో మనిషికి రోజుకు అన్ని అవసరాలకూ కలిపి కనీసం 15 లీటర్లు కావాలని సహాయ సంస్థల లెక్క. అంతా క్యాన్లలో మోయలేం. బురద నీటిని మడతపెట్టిన గుడ్డలో వడగట్టి, పటిక తిప్పి తేరనిచ్చి, ఆ తర్వాత క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగాలి. బురద ఉండగానే మాత్ర వేస్తే గుణం సరిగా ఉండదు. ఎన్ని లీటర్లకు ఒక మాత్రో అట్ట మీద ఉంటుంది. దాన్ని కోయ తెలిసిన కుర్రవాడి చేత చెప్పించండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాయే, అంచుకు సమంగా తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ఇక నా విద్య, సరుకు కట్టడం. గోనెసంచి వద్దు. తడిసి బరువెక్కుతుంది, చినుగుతుంది. మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులో సర్దండి. సరుకు తీసుకున్నాక అదే నీళ్ల పాత్ర అవుతుంది. అడుగున నూనె, పాకెట్టు కాదు, సీసా. పాకెట్టు పగిలితే బకెట్టంతా పాడు. దాని మీద కందిపప్పు, చింతపండు, కారం, పసుపు. ఉప్పును రెండు కవర్లలో చుట్టండి, లేకపోతే నీరు కారుతుంది. పైన అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, సబ్బులు మరో కవరులో. ఉల్లి, బంగాళాదుంపలు విడిగా వలసంచిలో పోవాలి, మూతపెడితే కుళ్లుతాయి. ఒక్కొక్క బకెట్టు పదిహేను కిలోలు మించనివ్వకండి. పడవ దిగాక దాన్ని నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కేది ఎక్కువగా ఆడవారే. వేరుగా ఒక బరకం, నైలాను తాడు, దోమతెర. ఈ ప్రాంతంలో వరద తర్వాత మలేరియా మామూలే.

పాత బట్టలు పంపవద్దు. చిరిగిన ప్యాంట్లు, ఒంటికాలి చెప్పులు విడదీయడానికి అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. కొత్తవి కొనండి: లుంగీలు, తువ్వాళ్లు, నైటీలు, లంగాలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు. ఈ చివరి మూడూ మగవారితో పంచించకండి. ఆశా చేతికివ్వండి. టార్చిలైట్లు ఇస్తే రాత్రి మరుగుకు వెళ్లే ఆడపిల్లలకు ధైర్యం, పాముల భయమూ తగ్గుతుంది. పాము కరిస్తే కట్టు, కోత, మంత్రం ఏదీ వద్దు. కదలనివ్వకుండా 108కి చెప్పి, విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

పంపిణీలో తోపులాట తప్పాలంటే ముందురోజు సాయంత్రమే ఇంటి పేర్ల జాబితాతో చీటీలు ఇవ్వండి. చీటీ ఇంటి ఆడమనిషి పేరున రాయండి. అన్నిటికన్నా దూరపు గూడెంతో మొదలుపెట్టండి. రోడ్డు పక్క శిబిరానికి మీ వెనక మరో పది బండ్లు వస్తాయి. బకెట్టు పట్టుకున్న మనిషి మొహం మీద ఫోను పెట్టి ఫొటో తీయడం నాకు నచ్చదు. దాతలకు లెక్క కావాలంటే బిల్లులు, సంతకాల జాబితా చూపించవచ్చు. పడవలో లైఫ్ జాకెట్లు లేకపోతే ఎక్కవద్దు. చీకటి పడ్డాక ససేమిరా వద్దు.

పశువులను వదిలి జనం కదలరు. "మూర్ఖత్వం" అని తిట్టేవారిని చూశాను. ఆ ఇంటికి ఉన్న ఆస్తే ఆ జత ఎడ్లు. ఎండుగడ్డి మోపులు నాలుగు పంపితే మనుషులు గట్టుకు రావడం తేలికవుతుంది.

నీరు తీశాక దాతలు తగ్గిపోతారు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. పారలు, చీపుర్లు, ఫినాయిలు, బ్లీచింగ్ పొడి, బురదలో దిగడానికి బూట్లు కావాలి. గోడ కడిగేముందు నీరు ఎంత ఎత్తు వచ్చిందో గీత కనపడేలా ఫొటో తీయించండి, నష్టపరిహారం లెక్కకు వచ్చినప్పుడు చూపించాలి. తడిసిన ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం నీడలో ఆరబెట్టి జిప్ కవరులో పెట్టించండి. డబ్బు మిగిలితే నోటుపుస్తకాలు, పలకలు, విత్తనాలు కొనండి. ఏ విత్తనమో వ్యవసాయ సహాయకుడిని అడగండి, ఊళ్లో విత్తే కాలం ఎంత మిగిలిందో ఆయనకు తెలుసు.